ఏడవని పాప

మొదటి రాత్రి పాప ఏడవలేదు. రెండున్నరకు నాకు మెలకువ వచ్చి చూస్తే, కళ్లు తెరుచుకుని, తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ పడుకుని ఉంది. పక్కబట్ట తడిసిపోయింది. ఎప్పుడు తడిసిందో ఏమో, వీపంతా చల్లగా ఉంది. బట్ట మార్చాను. మారుస్తున్నంతసేపూ నా ముఖం చూడలేదు. పాలు కలిపి ఇస్తే సీసా అందుకుని తాగింది, తాగి మళ్లీ ఫ్యాను వైపు తిరిగింది. నేను మా ఆయన్ను లేపి మరీ చెప్పాను: "చూడండి, ఎంత బంగారుతల్లో! ఒక్క గుక్క కూడా ఏడవలేదు."

మాది కడప, ఎర్రముక్కపల్లి. పెళ్లయ్యాక ఎనిమిదేళ్లు ఆస్పత్రుల చుట్టూ తిరిగి, ఇక చాలనుకుని 2020 మొదట్లో కారాలో పేరు నమోదు చేసుకున్నాం. కారా అంటే దేశం మొత్తానికి దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ. కాగితాలన్నీ ఆన్‌లైన్‌లో పెట్టడం, సోషల్ వర్కర్ ఇంటికొచ్చి వంటింటి దగ్గర నుంచి మా జీతాల దాకా అడిగి రిపోర్టు రాసుకోవడం తొందరగానే అయిపోయాయి. తర్వాత ఎదురుచూడటమే. మూడేళ్లు దాటింది. ఫోన్ మోగితే చాలు టెన్షన్.

2023 మే నెలలో ఓ మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది. పసుపు గౌను, గుండు, పెద్ద కళ్లు. తొమ్మిది నెలల పాప. ఫొటో, ఆరోగ్యం వివరాలు చూసుకుని 48 గంటల్లోగా మాకు కావాలని చెప్పాలి. మేము నలభై ఎనిమిది నిమిషాలు కూడా తీసుకోలేదు. తీసుకోవాల్సిందే అనుకోండి, రిపోర్టు డాక్టరుకు చూపించడానికే ఆ గడువు.

"పుట్టిన వెంటనే ఇయ్యరా?" అని ఇప్పటికీ చాలామంది అడుగుతారు. ఇవ్వరు. కన్నవాళ్లే వచ్చి అప్పగిస్తే, మనసు మార్చుకోవడానికి వాళ్లకు రెండు నెలలు గడువుంటుంది. వదిలేసిన బిడ్డ దొరికితే, సొంతవాళ్ల కోసం వెతికి, ఎవరూ రాకపోతేనే శిశు సంక్షేమ కమిటీ ఆ బిడ్డను దత్తతకు ఇవ్వొచ్చని ప్రకటిస్తుంది. పైన కాగితాలు, వైద్య పరీక్షలు. అంటే మన చేతికొచ్చేసరికి ఆ బిడ్డ కొన్ని నెలలు ఎక్కడో, ఎవరి చేతుల్లోనో పెరిగి ఉంటుంది. చట్టం గురించి నాకు ఇదంతా తెలుసు. కానీ ఆ 'ఎవరి చేతులో' అన్న మాట దగ్గర ఆగి ఆలోచించాలని మాత్రం తట్టలేదు.

ఆ చేతులు ఒక ఆయమ్మవి. కోస్తాలో ఒక శిశుగృహ. నేను చేతులు చాపగానే పాప నా దగ్గరికి వచ్చేసింది. నన్ను చూడగానే వచ్చేసిందని ఆ తర్వాత వారం రోజులు అందరికీ చెప్పుకుని తిరిగాను. ఆయమ్మ ఒక పాత నీలం చీర ముక్క మడతపెట్టి నా సంచిలో పెట్టింది. "దీన్ని ఉతక్కండి మేడంగారూ, దీని వాసనకే పడుకుంటది" అంది. అని ఇంకేమీ మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది. మేము కారెక్కేటప్పుడు మళ్లీ బయటికి రాలేదు.

ఆ మాట నేను మా అత్తకు చెప్పడం మరిచిపోయాను. మర్నాడు పొద్దున్నే ఆమె సంచి విప్పి, "యాడియాడి మురికో ఏమో" అని ఆ ముక్కను డెట్టాల్ నీళ్లలో నానబెట్టి, సర్ఫు వేసి, బండకేసి రెండు బాదులు బాది, మిద్దె మీద తీగకు ఆరేసింది. కడప మే ఎండ. అరగంటలో కరకరమని ఎండిపోయింది. పాపకిస్తే ముక్కు దగ్గర పెట్టుకుంది. కాసేపు అట్లాగే ఉండి పక్కన పడేసింది. మళ్లీ దాన్ని ముట్టలేదు.

మూడు వారాలు ఇల్లు తిరనాళ్లలా ఉంది. బద్వేలు నుంచి ఒక జట్టు, ప్రొద్దుటూరు నుంచి ఒక జట్టు. ఎవరెత్తుకున్నా పాప వెళ్తుంది. పక్కింటి ఖాలా దగ్గరికి వెళ్తుంది, ఆమె తెచ్చిన చుట్టాల దగ్గరికీ వెళ్తుంది. ఒకరోజు గ్యాస్ సిలిండర్ తెచ్చిన పిల్లోడు గుమ్మంలో నిలబడి చిల్లర లెక్కపెట్టుకుంటుంటే వాడి వైపు రెండు చేతులూ చాపింది. వాడు పాపం సిగ్గుపడుతూనే ఎత్తుకున్నాడు. పాప వాడి చొక్కా గుండీ పట్టుకుని ఆడుకుంటూ, నేను తీసుకోబోతే రాలేదు. వాడి దగ్గర నుంచి నా దగ్గరికి రావడానికీ, నా దగ్గర నుంచి వాడి దగ్గరికి పోవడానికీ దానికి తేడా లేదని నాకు ఆ క్షణం అర్థమైంది కానీ, బయటికి అనలేకపోయాను. మా అత్త మురిసిపోయి, "ఎంత కలుపుగోలు పిల్లో సూడు! మన రక్తం పిల్లోళ్లు గూడా ఇట్లుండరు" అంది.

టీకా వేయించడానికి ఏడు రోడ్ల దగ్గరున్న పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. తొమ్మిది నెలలకు వేసే తట్టు టీకా. సూది దిగగానే పాప 'కేర్' మంది. రెండంటే రెండే సెకన్లు. నోరు మూసుకుని గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ ఉండిపోయింది. "మా పాప అస్సలు ఏడవదు మేడమ్" అన్నాను గొప్పగా. డాక్టరు సూది పక్కన పెట్టి నా ముఖం చూసింది.

"నొప్పి పుట్టినప్పుడు ఎవరి వైపు తిరిగిందమ్మా?"

నాకు జవాబు తెలియలేదు. ఎవరి వైపూ తిరగలేదు.

ఆ రోజు ఆమె బయట ఉన్న పేషెంట్లను కూర్చోబెట్టి మరీ మాతో మాట్లాడింది. పుట్టిన కొత్తలో బిడ్డ ఎవరెత్తుకున్నా ఊరుకుంటుంది, తల్లి గొంతు గుర్తుపట్టినా సరే. రెండు మూడు నెలలొచ్చాక తెలిసిన ముఖానికి ఎక్కువ నవ్వుతుంది. ఆరేడు నెలలు నిండేసరికి 'వీళ్లు నావాళ్లు' అని ఒకరినో ఇద్దరినో ఎంచుకుంటుంది. అప్పటి నుంచే కొత్తవాళ్లంటే బెదురు, అమ్మ కనబడకపోతే ఏడుపు. ఆ ఏడుపు ఏడాది దాటాక ఇంకా ఎక్కువై, రెండేళ్లు వచ్చేటప్పటికి మెల్లగా తగ్గుతుంది. "దాన్నే మేము అటాచ్‌మెంట్ అంటాం. ఏడవడం మొండితనం కాదమ్మా. పోయినవాళ్లు తిరిగి రావాలని అడగడం. తొమ్మిది నెలల పిల్ల గ్యాస్ అబ్బాయి దగ్గరికి పోతోందంటే కలుపుగోలు అని సంతోషపడకూడదు" అంది. దాంట్లో రెండు సంగతులు ఉండొచ్చంది. అక్కడ పదిమంది పిల్లల మధ్య ఎవరినీ 'నావాళ్లు' అనుకునే వీలు దొరక్కపోయి ఉండొచ్చు. లేదంటే దొరికి, ఇప్పుడు పోయి ఉండొచ్చు.

"ఆమెకు అక్కడ ఎవరన్నా దగ్గరగా ఉండేవాళ్లా?" అని అడిగింది.

నాకు నీలం చీర ముక్క గుర్తొచ్చింది. చెప్పాను. ఉతికిన సంగతి కూడా చెప్పాను. డాక్టరు ఏమీ అనలేదు. మా ఆయన నా వైపు, నేను మా ఆయన వైపు చూసుకున్నాం. ఇంటికొచ్చి అత్తతో చెబితే ఆమె చాలాసేపు మాట్లాడకుండా బియ్యం ఏరుతూ కూర్చుంది.

నేను లెక్కల టీచర్ని. అర్థం కానిది ఉంటే రాత్రిళ్లు కూర్చుని చదవడం అలవాటు. పాప పక్కలో ఉంటే ఫోన్ వెలుగు తగ్గించుకుని చదివాను. ఈ అనుబంధాల గురించి మొదట గట్టిగా చెప్పింది జాన్ బౌల్బీ అనే లండన్ డాక్టరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇల్లూ వాకిలీ లేని పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగితే 1951లో నివేదిక రాసిచ్చాడు. ఆయన దగ్గర పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ ఆస్పత్రి వార్డుల్లో కూర్చుని, అమ్మానాన్నలను వదిలి ఉండాల్సి వచ్చిన చిన్నపిల్లల్ని చూశాడు. అప్పట్లో అక్కడి ఆస్పత్రుల్లో తల్లిని పక్కన ఉండనిచ్చేవాళ్లు కాదు. పిల్లలు మొదట గోల చేసి ఏడ్చేవాళ్లు. తర్వాత ముడుచుకుపోయి మూలిగేవాళ్లు. ఆ తర్వాత ఒక్కసారిగా బాగైపోయినట్టు ఉండేవాళ్లు, తినేవాళ్లు, వచ్చిన నర్సు దగ్గరికల్లా పోయేవాళ్లు. తల్లి వచ్చినా పట్టనట్టు ఉండేవాళ్లు. ఈ మూడో దశను చూసి ఆస్పత్రివాళ్లు 'అలవాటు పడిపోయాడు' అని సంతోషించేవాళ్లట. అది చదివి నేను ఫోన్ బోర్లా పెట్టేశాను. మొదటి రాత్రి మా ఆయన్ను లేపి నేను చెప్పింది ఇదే కదా.

ఇంకో సంగతి కూడా అప్పుడే చదివాను. బౌల్బీని పెంచింది కూడా ఒక ఆయమ్మే. వాళ్లది డబ్బున్న ఇల్లు, తల్లి రోజుకొక గంట కనిపించేదట. ఆయనకు నాలుగేళ్లప్పుడు ఆ ఆయమ్మ ఉద్యోగం మానేసి వెళ్లిపోయింది. ఆ దెబ్బ ఆయన పెద్దయ్యాక కూడా మరిచిపోలేదు.

డాక్టరు చెప్పిన పద్ధతి ఇది. కొన్ని వారాల పాటు పాలు పట్టడం, నీళ్లు పోయడం, నిద్రపుచ్చడం నేనే చేయాలి, లేదంటే మా ఆయన. చుట్టాలు చూడొచ్చు, ఆడించొచ్చు, ఎత్తుకోవడం మాత్రం వద్దు. కడపలో ఈ మాట చుట్టాలతో అనడం ఎంత కష్టమో ఆ డాక్టరుకు తెలియదనుకోను, ఆమెదీ మైదుకూరే. మా అత్త ముఖం చిన్నబోయింది. "నా మనమరాలిని నేను ఎత్తుకోగూడదా? ఏ డాకటేరమ్మా అట్ల చెప్పిండేది?" అంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆడబిడ్డ ఫోన్ చేసి, "పెంచుకున్నదాన్ని మాకు చూపియ్యరంటనే వదినా" అని దెప్పింది.

బడిలో సెలవు అడిగాను. దత్తత తీసుకున్న తల్లికి పన్నెండు వారాల సెలవు ఉందని నేను కాగితం తీసుకుపోతే, అది మూడు నెలల లోపు బిడ్డకేనని అదే కాగితంలో నాకే చూపించారు. నిజమే, అప్పటి నిబంధన అట్లాగే ఉంది. మూడు నెలల లోపు దత్తత బిడ్డ చేతికి రావడం ఎంత కష్టమో పైన చెప్పాను కదా. ఉద్యోగం మానేశాను.

ఇక నేను దిగాను పనిలోకి, బోర్డు పరీక్షకు పిల్లల్ని తయారు చేసినట్టు. వంటింటి గోడ మీద టైంటేబుల్ అంటించాను. ఆరుకు పాలు, పాలు తాగేటప్పుడు కళ్లలోకి చూడాలి. ఎనిమిదిన్నరకు నూనె మర్దన, పాట. పదకొండుకు రాగిజావ. పాలు తాగేటప్పుడు నేను ముఖం దగ్గరికి పెడితే పాప మెడ తిప్పుకునేది. నేను ఆ వైపు తిరిగేదాన్ని. ఈ వైపు తిప్పుకునేది. నాకు పట్టుదల పెరిగేది.

పదిహేను రోజులు ఇట్లా గడిచాక గమనించాను, పాప ఏడవదు కానీ అడుగుతుంది. చాలా చిన్నగా అడుగుతుంది. ఆకలైతే ఎడమకాలి బొటనవేలు పక్కవేలి మీదికి ఎక్కిస్తుంది. నిద్రొస్తే కుడి చెవి పట్టుకుంటుంది. తడిస్తే కదలకుండా ఉండిపోతుంది. ఏడిస్తే వచ్చేవాళ్లకు చేతి నిండా పని ఉండి ఉంటుంది, అక్కడివాళ్ల తప్పని నేను అనను. ఏడ్చి లాభం లేదని తెలిశాక పిల్ల ఏడుపు మానేసింది, అడగడం మాత్రం మానలేకపోయింది. ఆ కాలివేలు మొదటిసారి అర్థమైన రోజు నేను పాలసీసా కలుపుతూ వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ తర్వాత రోజూ వేలు మడవగానే పరుగెత్తేదాన్ని.

ఒక తప్పు కూడా చేశాను. మేరీ ఎయిన్స్‌వర్త్ అనే ఆమె గురించి చదివాను. 1954లో ఉగాండా వెళ్లి, కంపాలా దగ్గర పల్లెల్లో 26 కుటుంబాలలో తల్లుల్నీ పిల్లల్నీ ఇళ్లకు పోయి గమనించింది. తర్వాత అమెరికాలో బాల్టిమోర్‌లో ఒక పరీక్ష తయారు చేసింది. ఏడాది, ఏడాదిన్నర పిల్లను ఆటవస్తువులున్న గదిలో తల్లితో ఉంచుతారు. కొత్తమనిషి వస్తుంది. తల్లి కాసేపు బయటికి పోయి తిరిగొస్తుంది. అంతా కలిపి ఇరవై నిమిషాలు. తల్లి పోయినప్పుడు ఏడ్చిందా లేదా అన్నదాని కంటే, తిరిగొచ్చినప్పుడు బిడ్డ ఏం చేస్తుందన్నదే అందులో ముఖ్యం. దగ్గరికి వచ్చి ఊరట పొంది మళ్లీ ఆటలో పడితే, ఆ బంధం గట్టిగా ఉన్నట్టు. చదివినదాన్ని ఊరికే వదిలితే నేను టీచర్ని ఎట్లా అవుతాను? పక్కింటి ఖాలాను పిలిచి హాల్లో కూర్చోబెట్టి, పాపను ఆమె ముందు పెట్టి, నేను పెరట్లోకి పోయి మూడు నిమిషాలు గడియారం చూసుకుంటూ నిలబడ్డాను. తిరిగి వచ్చాను. పాప ప్లాస్టిక్ గిన్నె నేలకేసి కొడుతోంది. తలెత్తి చూడలేదు. ఖాలా అయోమయంగా, "ఏమైంది బేటీ?" అంటోంది.

ఈ సంగతి చెబితే డాక్టరుకు కోపం వచ్చింది. "మార్కులు వేయడానికి తెచ్చుకున్నావా పిల్లను? అది శిక్షణ పొందినవాళ్లు చేసేది. పైగా నెల కూడా తిరగని బంధాన్ని పరీక్ష పెడతావా?"

నా సంగతి కూడా చెప్పాలి. అందరూ పాపకు నా మీద ప్రేమ పుట్టిందా అని అడిగారు. నాకు పాప మీద పుట్టిందా అని ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే మొదటి రెండు నెలలు నేను ఆయమ్మ పనే చేశాను, శ్రద్ధగా, భయంగా. చుట్టాల బిడ్డను నాలుగు రోజులు చూసుకుంటున్నట్టు ఉండేది. జూన్‌లో ఒక రాత్రి పాపకు జ్వరం. కరెంటు లేదు. మూడు గంటలు ఎత్తుకుని తిప్పాను. పడుకోదు, ఏడవదు, చెయ్యి వేస్తే తోసేస్తుంది. "ఏం కావాలే నీకు?" అని గట్టిగా అరిచాను. పాప ఉలిక్కిపడి, ఒళ్లంతా బిగించుకుంది. మంచం మీద పడుకోబెట్టి పక్క గదిలోకి పోయి గోడకు ఆనుకుని కూర్చున్నాను. పది నిమిషాల తర్వాత వచ్చి, "తప్పైపోయిందమ్మా" అని వీపు నిమిరితే అప్పుడు నిద్రపోయింది. మంచి తల్లీబిడ్డల మధ్య కూడా చాలాసేపు తాళం కుదరదనీ, తప్పిన తాళాన్ని మళ్లీ కలుపుకోవడంలోనే బిడ్డ నమ్మకం నేర్చుకుంటుందనీ ఎడ్వర్డ్ ట్రానిక్ అనే ఆయన పసిపిల్లల వీడియోలు ఏళ్ల తరబడి చూసి చెప్పాడని తర్వాత చదివాను. ఆ రాత్రి తెలిసి ఉంటే కొంచెం తక్కువ ఏడ్చేదాన్నేమో.

ఇక అసలు సంగతి.

మా అత్త ఎత్తుకోవద్దంటే ఎత్తుకోలేదు. మాట మాటే. కానీ ప్రతి మధ్యాహ్నం నేను వంటిల్లు సర్దుకునే గంటన్నర, వసారాలో చాప వేసుకుని ఏదో ఒక పని పెట్టుకునేది. జూన్‌లో చింతపండు గింజలు తీసింది, తర్వాత ఎండుమిరపకాయలు కాకుండా, పాప కళ్లలో పడతాయని, ధనియాలు చెరిగింది. పాపను ఎదురుగా కూర్చోబెట్టుకునేది. ముట్టదు. ఊరికే ఆమె పని ఆమె చేసుకుంటుంది. పాప "ఊ" అంటే తల ఎత్తకుండా "ఊ" అంటుంది. పాప "ఆఁ" అంటే "ఆఁ, అట్లనా?" అంటుంది. పాప పళ్లెం మీద కొడితే ఆమె చేట మీద కొడుతుంది. పాప ఊరుకుంటే ఆమె కూడా ఊరుకుంటుంది. నేను వంటింట్లో నుంచి వింటూ, 'ఇదేం పని' అనుకునేదాన్ని. నా టైంటేబుల్లో ఇట్లాంటి గంటే లేదు.

జూలైలో బద్వేలులో ఆమె చెల్లెలి ఇంట్లో గృహప్రవేశం. మధ్యాహ్నం బస్సుకు బయలుదేరింది. సంచి భుజానికి తగిలించుకుని, "పోయొస్తా పాపా" అని గేటు దాటింది. వసారాలో కూర్చున్న పాప గేటు వైపే చూసింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. పాకుతూ మెట్టు దాకా పోయింది. కింది పెదవి ముందుకొచ్చింది. ఆ తర్వాత వచ్చిన అరుపు విని నేను చేతిలో గిన్నె వదిలేసి పరుగెత్తాను, ఎవరి పిల్లో పడిందనుకున్నాను. మా ఇంట్లో ఆ గొంతు అంతవరకూ వినలేదు కదా. పాప ఏడుస్తోంది. కళ్లలో నుంచి, ముక్కులో నుంచి నీళ్లు కారుతూ, ముఖం ఎర్రగా కందిపోయి, గేటు వైపు చెయ్యి చాపి ఏడుస్తోంది. నేను ఎత్తుకుంటే వెనక్కి విరుచుకుంది.

రెండున్నర నెలలు నేను ఎదురుచూసిన ఏడుపు. నా కోసం కాదు, మా అత్త కోసం.

ఎంత కుళ్లు పుట్టిందో దాచుకోకుండా రాస్తున్నాను. ఉద్యోగం మానింది నేను, రాత్రిళ్లు మేలుకుంది నేను, కాలివేలు కనిపెట్టింది నేను. మర్నాడే డాక్టరు దగ్గరికి పోయి ఫిర్యాదు చేసినట్టు చెప్పాను. ఆమె పకపకా నవ్వింది. "మంచి వార్త ఇట్లానా చెప్పేది? ఒకరితో కట్టుకోగలిగిన పిల్ల ఇంకొకరితోనూ కట్టుకుంటుంది. తాడు పేనడం వచ్చేసిందమ్మా దానికి" అంది.

తర్వాత ఆమె చెప్పిన స్కాట్లాండ్ సంగతి నాకు చెంపదెబ్బలా తగిలింది. షాఫర్, ఎమర్సన్ అని ఇద్దరు గ్లాస్గోలో 60 మంది పసిపిల్లల్ని ఏడాదిన్నర వచ్చేదాకా గమనించి 1964లో రాశారు. ఏడాదిన్నర వచ్చేసరికి ఒక్కరితోనే బంధం ఉన్న పిల్లలు చాలా తక్కువ. ఎక్కువమందికి ఇద్దరో ముగ్గురో ఉన్నారు, నాన్న, తాత, అవ్వ ఇట్లా. పాలు పట్టి, గుడ్డలు మార్చి, రోజంతా పక్కనే ఉన్న మనిషితోనే బిడ్డకు బంధం కలుస్తుందని లేదు. బిడ్డ చేసిన సైగకు జవాబు చెప్పి, దానితో ఆడే మనిషితో కలుస్తుంది. విస్కాన్సిన్‌లో హార్లో కోతిపిల్లలతో చేసిన ప్రయోగం బీఎడ్‌లో చదువుకున్నదే: పాలిచ్చే లోహపు తీగల తల్లిబొమ్మను వదిలి, పాలు లేని మెత్తటి గుడ్డబొమ్మనే కరుచుకుని ఉండేవి. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

నేను పాప కళ్లలోకి చూశాను. మా అత్త పాప "ఊ" అంటే "ఊ" అంది. తేడా అదీ.

ఇంకో రహస్యం ఆమె బద్వేలు నుంచి తిరిగొచ్చిన రోజు బయటపడింది. పాప ఆమెను చూసి పాకుతూ పోయి కుచ్చిళ్లు పట్టుకుంది. ఆమె నా వైపు చూసింది, ఎత్తుకోనా అన్నట్టు. "ఎత్తుకో అత్తా" అన్నాను. ఎత్తుకుని భుజాన వేసుకుని వీపు మీద తట్టడం మొదలుపెట్టింది. మామూలుగా కాదు. రెండు గబగబా, ఆగి, ఒకటి మెల్లగా. మళ్లీ రెండు, ఆగి, ఒకటి. పాప కుడి చెవి పట్టుకుంది.

"ఎక్కడ నేర్చుకున్నావత్తా ఇది?"

"ఆ ఆయమ్మ చెప్పింది లే."

చీర ముక్క సంగతి తెలిసిన మర్నాడే మా ఆయన చేత శిశుగృహ ఆఫీసుకు ఫోన్ చేయించి, ఆ ఆయమ్మను లైన్‌లోకి పిలిపించుకుందట. పిల్లను ఎట్ల పండబెడుతుంటివి, ఏం పాట పాడుతుంటివి అని అడిగిందట. పాటలేమీ లేవమ్మా, ఇట్టా తడతాను అని ఆమె ఫోన్ పక్కన పెట్టి బల్ల మీద తట్టి వినిపించిందట. నేను నిద్రపోయే మధ్యాహ్నాలు మా అత్త పాప పడుకున్న మంచం చెక్క మీద అట్లా తట్టేదట. మనిషిని ముట్టలేదు కాబట్టి మాట తప్పినట్టు కాదని ఆమె లెక్క.

గోడ మీది టైంటేబుల్ చింపేశాను. పాలు పట్టేటప్పుడు పాప ముఖం తిప్పుకుంటే తిప్పుకోనిచ్చాను. తిరిగి నా వైపు చూసినప్పుడు "వచ్చినావా?" అనేదాన్ని. కొన్నాళ్లకు కావాలనే తిప్పుకుని, కావాలనే తిరిగేది. అది దోబూచి అయింది. కొంగు చాటున ముఖం దాచుకుని 'దోబూచీ' అంటే మొదట్లో బిత్తరపోయేది, తర్వాత కొంగు తనే లాగేది. పోయిన ముఖం మళ్లీ వస్తుందని ఆ ఆటలో పిల్లలు నేర్చుకుంటారట. మా పాపకు ఆ పాఠం అందరి కంటే ఎక్కువ అవసరం. రోజుకు నలభైసార్లు ఆడేవాళ్లం.

ఆగస్టు చివర్లో, పాపకు ఏడాది నిండాక, మిద్దె మీద ఆరేసిన బట్టలు తేవడానికి పోయాను. చినుకులు పడుతున్నాయి. కింద నుంచి ఏడుపు వినిపించింది. పాప అత్త ఒళ్లోనే ఉంది. ఆమె తడుతూనే ఉంది, రెండు, ఆగి, ఒకటి. అయినా ఆగలేదు. నేను బట్టల మూటతో మెట్లు దిగుతుంటే పాప నన్ను చూసి రెండు చేతులూ చాపింది. మూట కింద పడేసి ఎత్తుకున్నాను. నా మెడలో ముఖం పెట్టి, వెక్కిళ్లు పెట్టి, పెట్టి, ఆగిపోయింది. మెడ మీద చీమిడి, కన్నీళ్లు. కాసేపటికి తల తిప్పి, కింద పడిన బట్టల్లో నుంచి ఒక సాక్సు చూసి, దించమని కిందికి జారింది.

నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. మా అత్తకు మాత్రం నచ్చలేదు. "బంగారట్లా ఉన్న పిల్లను చెడగొడితివి గదమ్మా" అంది. "ఇంక నిన్ను యాడికీ పోనీదు చూడు."

ఆమె అన్నట్టే అయింది. రెండు నెలలు నరకం చూశాను. చుట్టాలొస్తే కొంగు వదలదు. 'కలుపుగోలు పిల్ల' అన్నవాళ్లే, "ఏందిమ్మే, ఇంత మొండిదైపోయింది?" అన్నారు. గ్యాస్ పిల్లోడు గుమ్మంలో నిలబడి నవ్వుతూ చేతులు చాపితే, నా కాళ్ల వెనక్కి పోయి ఒంటికన్నుతో చూసింది. వాడు చిన్నబుచ్చుకున్నాడు. వాడికి ఒక బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి పంపాను.

దత్తత తర్వాత రెండేళ్ల పాటు ఆరు నెలలకొకసారి వచ్చి చూసి రిపోర్టు రాయాలి. నవంబరులో సోషల్ వర్కర్ వచ్చింది. "రా చిట్టితల్లీ" అని పిలిస్తే పాప వెళ్లలేదు. నా భుజం మీద వాలి, మెల్లగా ఆమె చేతి గాజులు చూసి, ఒళ్లోంచి దిగి, రెండడుగులు వేసి, గాజు ముట్టుకుని, పరుగున వెనక్కి వచ్చేసింది. మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. ఆమె రాసుకుంటూ, "ఏడుస్తుందా?" అని అడిగింది. మా అత్త వసారాలో నుంచి గట్టిగా, "ఊరంతా వినపడేటట్టు!" అంది.

ఇప్పటికీ నా స్నానం ఒక సమస్యే. తలుపు బయట చాప మీద కూర్చుంటుంది. నేను లోపల ఉన్నట్టు తెలియాలంటే పాడుతూ ఉండాలి. నాకొచ్చినవి నాలుగు పాటలు, అవి అయిపోతే ఎక్కాలు. పదమూడో ఎక్కం దగ్గర సబ్బు కళ్లలో పడి ఒక్క క్షణం ఆగితే చాలు, తలుపు మీద చిన్న చిన్న దెబ్బలు మొదలవుతాయి. రెండు గబగబా, ఆగి, ఒకటి.